వంటింటి గట్టు మీద కొత్తిమీర మడి



ఈ మధ్య మేము గ్రామాలలో ఇండ్లు దర్శించడానికి వెళ్లిన చోటనెల్లా ఒకే మాట వింటున్నాము. "పెరట్లో ఏమీ వేయడం లేదు అయ్యగారూ, వేసినది కోతులు ఉంచడం లేదు" అంటున్నారు. ఒకప్పుడు పొరుగువారికి కూడా కోసి ఇచ్చిన ఇల్లాలు ఈనాడు సంత నుండి వాడిపోయిన కట్ట తెచ్చుకుని నీళ్లు చల్లుకుంటున్నది. కొందరికి వేసవిలో బోరు ఎండిపోతున్నది. కొందరు పెరడంతా సిమెంటు చేయించుకున్నారు. పట్టణములో బిడ్డల దగ్గరకు వెళ్లి మూడో అంతస్తులో ఉంటున్న పెద్దవారి సంగతి చెప్పనక్కరలేదు.

కనుక ఈ నెల ఒక క్రొత్త సంగతి వ్రాస్తున్నాము. మట్టి లేకుండా, ఎండ లేకుండా, వంటింటి గట్టు మీదనే ఆకుకూరలు పెంచే చిన్న యంత్రము ఒకటి ఉన్నది. మా ఇంట్లో అది ఉన్నది. దాని వలన మేము పొందినది, పాడుచేసుకున్నది రెండూ దాచకుండా చెబుతాము. కొనవలెనా వద్దా అనేది మీరే తేల్చుకోవచ్చును.

పెట్టె వచ్చిన విధము

2023 వేసవిలో మా అమ్మగారు స్నానాల గది దగ్గర జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు. కొన్ని నెలలకు వాకరు పట్టుకుని వంటింటి దాకా నడవగలిగారు గాని, పెరట్లోకి దిగే మూడు మెట్లు మాత్రము ఆమెకు దాటరానివైపోయాయి. పెళ్లయి వచ్చిన నాటి నుండి ప్రతి ఉదయము మట్టిలో చేయి పెట్టిన మనిషి ఆమె. మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని పెరటి వైపు చూస్తూ కూర్చునేవారు. కొన్నాళ్లకు ఆ కుర్చీలో కూర్చోవడము కూడా మానుకున్నారు. అన్నము తగ్గింది, మాట తగ్గింది. "నేనిప్పుడు ఎవరికి పనికొస్తానమ్మాయ్" అని మా ఇంటావిడతో అనేవారు.

ఆ సంగతి విని, అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఆ డిసెంబరులో ఊరికి వచ్చే స్నేహితుని చేత ఒక పెట్టె పంపాడు. నిజము చెప్పవలెనంటే దానిని చూసి మాకు సంతోషము కలుగలేదు. తల్లి ఈ స్థితిలో ఉంటే మనిషి రావలసినది పోయి యంత్రము వచ్చిందే అని మనసులో నొచ్చుకున్నాము. అమ్మగారైతే ఒక్కసారి చూసి, "మట్టి లేకుండా మొక్కేమిట్రా పెద్దోడా, చోద్యం కాకపోతే!" అని ముఖము తిప్పుకున్నారు.

మట్టి లేకుండా మొక్క ఎట్లు బ్రతుకును?

అమ్మగారి ప్రశ్న చాలా పాతది. ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1699లో ప్రచురించిన పరిశోధనలో ఇదే ప్రశ్న ఉన్నది. ఆయన పుదీనా జాతి కొమ్మలను వేరువేరు నీళ్లలో పెంచి తూచి చూశాడు. వాననీటిలో ఉంచినవి కొద్దిగానే పెరిగాయి. థేమ్స్ నది నీటిలో ఉంచినవి ఇంకొంచెము పెరిగాయి. తోటమట్టి కలిపిన నీటిలోనివి బాగా పెరిగాయి. అంటే మొక్కకు నీరు ఒక్కటే చాలదు. మట్టి నుండి నీటిలోనికి దిగే పదార్థము ఏదో దానికి కావలెనని తెలిసింది. 19వ శతాబ్దములో జర్మనీలో సాక్స్, క్నోప్ అనే శాస్త్రజ్ఞులు ఆ పదార్థములు కొన్ని లవణాలేనని గ్రహించి, వాటిని నీటిలో కరిగించి మొక్కలను పెంచారు.

ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అనే పేరును లోకానికి పరిచయము చేసినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో పనిచేసిన గెరికె. అది 1937 నాటి మాట. గ్రీకు భాషలో ఆ పేరుకు నీరు, కష్టము అనే రెండు అర్థాలున్నాయి. ఆ రెండవ అర్థమును గుర్తుంచుకోండి, దానితో మనకు పని ఉన్నది. మన దేశములో 1946 నుండి షోల్టో డగ్లస్ అనే ఆయన బెంగాలులోని కాలింపాంగ్‌లో ఈ సేద్యముపై పనిచేసి, చిన్న రైతులకు తగిన చౌక పద్ధతిని రూపొందించాడు. 2015 ఆగస్టు 10న అంతరిక్ష కేంద్రములోని వ్యోమగాములు అక్కడే దీపాల క్రింద పెంచిన ఎర్ర లెట్యూస్ ఆకులు తిన్నారు. అక్కడ పెరటి మట్టి లేదు, ఎండా లేదు.

మా ఇంటి యంత్రము కూడా ఆ కోవలోనిదే. క్రింద సుమారు నాలుగు లీటర్ల నీరు పట్టే తొట్టి. పైన మూతకు ఆరు రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రములో స్పాంజి వంటి చిన్న ముద్ద, దానిలో విత్తనము. వేళ్లు మూత క్రింద నీటిలోనికి దిగుతాయి. ఒక చిన్న మోటారు నీటిని కదుపుతూ ఉంటుంది. నీటిలో గాలి కలవకపోతే వేళ్లకు ఊపిరి ఆడదు. పైన 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపము రోజుకు 16 గంటలు వెలుగుతుంది. లెక్క వేస్తే ఆ దీపానికి నెలకు పది యూనిట్ల లోపు కరెంటు. విదేశాల నుండి ఎవరైనా తెస్తే అడాప్టరు మీద 100-240 అని ఉన్నదో లేదో చూసిన తరువాతనే ప్లగ్గులో పెట్టండి. ఒట్టి 110 అని ఉంటే మన కరెంటుకు కాలిపోతుంది.

మేము చేసిన తప్పు

మొదటిసారి మేమే విత్తనాలు వేశాము. తొట్టిలో బోరు నీరు పోశాము. లెట్యూస్ నాలుగు రోజులకు మొలిచింది. రెండు వారాలకు లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలాయి. పెట్టెతో వచ్చిన పోషక ద్రావణము సీసా సగమైపోయింది. అది మన దగ్గర దొరుకుతుందో లేదోనని కొలత తగ్గించి వాడుతున్నాము. ఆకు పచ్చబడాలంటే యూరియా వేయాలని మనకు ఎప్పటి నుండో తెలుసు గదా! ఒక చెంచాడు యూరియా తొట్టిలో వేశాము. మూడు రోజులలో ఆరు మొక్కలూ తలలు వాల్చేశాయి.

ఎందుకు చనిపోయాయో తరువాత తెలుసుకున్నాము. పొలములో యూరియా వేసినప్పుడు మొక్క దానిని చాలా వరకు నేరుగా తినదు. మట్టిలోని కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని మార్చి మొక్కకు అందించే రూపములోనికి తెస్తాయి. మన తొట్టిలో ఆ సూక్ష్మజీవులు తగినన్ని ఉండవు. పైగా నాలుగు లీటర్లకు చెంచాడు చాలా ఎక్కువ. నేలలో ఎక్కువైతే కొంత మట్టి పట్టి ఉంచుతుంది, కొంత క్రిందికి ఇంకిపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? నేల మన తప్పులను చాలా వరకు ఓర్చుకుంటుంది. తొట్టి నీరు ఓర్చుకోదు. మట్టి చేసే పనులన్నీ ఇక్కడ మనిషే చేయవలసి ఉంటుంది. గ్రీకు పేరులోని కష్టము అనే అర్థము అప్పుడు మాకు బోధపడింది.

యంత్రమును అటక మీద పెట్టబోతుండగా అమ్మగారు వాకరు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. వేళ్లను చేతిలోకి తీసుకుని చూశారు. "మొక్కల్ని చంపేశారు గదరా. వేసినవాడు రోజూ చూడొద్దూ? ఇటు తే" అన్నారు. ఎన్నో నెలల తరువాత ఆమె ఒక పని అడిగి తీసుకోవడము అదే మొదలు.

అమ్మగారి పద్ధతి

ఆమె లెట్యూస్‌ను ఒప్పుకోలేదు. "ఆ పేరు తెలియని ఆకు మనకెందుకు, ధనియాలు తే" అన్నారు. ధనియాలను పీట మీద పోసి చెప్పు అడుగుతో మెల్లగా నలిపి బద్దలు చేయించారు. ధనియము ఒకటే గింజలా కనబడుతుంది గాని దానిలో రెండు విత్తనాలు ఉంటాయి. నలిపితే త్వరగా నీరు పీల్చి మొలుస్తుంది. రాత్రంతా నానబెట్టి, ముద్దకు నాలుగైదు బద్దల చొప్పున వేశారు. మొలక రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఉదయము లేవగానే యంత్రము దగ్గరకే నడిచారు. ఫిజియోథెరపీ ఆయన నడవమని ఎంత బ్రతిమాలినా నడవని మనిషి!

మేము మాట్లాడి, చదివి, ఆమె చేత చీవాట్లు తిని నేర్చుకున్న సంగతులు ఇవి.

1. నీరు. బోరు నీటిలో ఉప్పులు ఎక్కువగా ఉండి, క్షారగుణము ఉంటే, నీటిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లేత ఆకులు పసుపుపచ్చగా మారడానికి అదొక కారణము. వాననీరు గాని, ఊళ్లోని ప్లాంటు నుండి తెచ్చుకునే క్యాను నీరు గాని మంచిది. పి.హెచ్. 5.5 నుండి 6.5 మధ్య ఉండాలి. దానిని చూసే కాగితాలు దొరుకుతాయి.

2. పోషకము. హైడ్రోపోనిక్స్ కోసమని అమ్మే ద్రావణమే వాడండి. అది తరచుగా ఎ, బి అని రెండు సీసాలుగా వస్తుంది. చిక్కటి రెండింటినీ ఒకదానిలో ఒకటి పోయకూడదు. అందులోని కాల్షియము, ఫాస్ఫేట్లు, సల్ఫేట్లతో కలిసి సున్నములా అడుగుకు చేరుతుంది. ముందు నీటిలో ఒకటి కలిపి, తరువాత రెండవది కలపాలి. డ్రిప్పులో వాడే 19:19:19 ఉన్నది గదా అని కొందరు అడిగారు. దానిలో కాల్షియము ఉండదు. నత్రజని కూడా సగానికి పైగా యూరియా రూపములోనే ఉంటుంది. అది ఒక్కటే చాలదు.

3. కొలత. మంచినీటి ప్లాంటువారి దగ్గర టి.డి.ఎస్. చూసే మీటరు ఉంటుంది. లెట్యూస్‌కు సుమారు 600 నుండి 800 మధ్య చాలును. కొత్తిమీర, పుదీనాలకు కొంచెము ఎక్కువైనా ఫరవాలేదు. మొలకలకు మాత్రము సగము బలమే ఇవ్వాలి. రెండు వారాలకు ఒకసారి పాత నీరు తీసివేసి క్రొత్తది పోయండి. తీసిన నీటిని పారబోయక, మరికొంత నీరు కలిపి పూలమొక్కలకు పోయవచ్చును.

4. వేడి. ఇది మన ప్రాంతానికి పెద్ద చిక్కు. తొట్టి నీరు 25 డిగ్రీలు దాటిన కొద్దీ దానిలో గాలి తగ్గిపోతుంది. వేళ్లు గోధుమరంగుకు తిరిగి, కుళ్లి వాసన వస్తాయి. పొయ్యి ప్రక్కన పెట్టకండి. ఇంట్లో చల్లని మూల చూడండి. లెట్యూస్, కొత్తిమీర చలికాలపు పంటలు. వేడికి త్వరగా పూతకు వస్తాయి, లెట్యూస్ చేదెక్కుతుంది. ఏప్రిల్, మే నెలలలో తోటకూర, పుదీనా వేసుకోవడము మేలు. పుదీనాకు విత్తనము అక్కరలేదు, సంతలో తెచ్చిన కట్టలో గట్టి కాడలను తీసి నీటిలో ఉంచితే వారము పది రోజులలో వేళ్లు వస్తాయి.

5. కోత. మొక్కను మొదలంటా కోయకండి. బయటి ఆకులు, పెద్ద కాడలు కోస్తూ లోపలి చిగురు ఉంచితే కొన్ని వారాలు వస్తుంది.

6. పిల్లలు. పోషకపు సీసాలను అందనంత ఎత్తులో పెట్టండి. పాత కూల్‌డ్రింకు సీసాలలో మాత్రము ఎన్నడూ పోసి ఉంచవద్దు. రంగు చూసి పిల్లలు త్రాగే ప్రమాదమున్నది.

కొనవలెనా?

ఇక డబ్బు సంగతి. ఇటువంటి యంత్రము ధర వేల రూపాయలలో ఉంటుంది. ఆరు రంధ్రాల నుండి వచ్చేది చారులో, కూరలో పైన చల్లుకునేంత మాత్రమే. ఇంటిల్లిపాదికీ పప్పులోకి సరిపడే తోటకూర దానిలో పండదు. ఆకుకూర ఖర్చు మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. యంత్రము, కరెంటు, పోషకము కలిపి లెక్కిస్తే సంతలో కట్టే చౌక. వాయిదాల మీద, అప్పు చేసి కొనడము అసలే వద్దు. పెరడు ఉండి, దిగే కాళ్లు ఉన్నవారికి యంత్రము కంటే ఒక పాత వల, నాలుగు కర్రలే ఎక్కువ ఉపయోగము. వలను గట్టిగా బిగించి కడితే కోతుల నుండి ఒక మడినైనా కాపాడుకోవచ్చును.

మోటారు, దీపము లేకుండా కూడా ఈ పద్ధతిని చేయవచ్చును. హవాయి విశ్వవిద్యాలయములో క్రాట్కీ అనే ఆచార్యుడు దానిని అభివృద్ధి చేశాడు. వెలుతురు లోపలికి పోని బకెట్టు ఒకటి తీసుకోండి. తెల్లనిదైతే బయట ముదురు గుడ్డ చుట్టండి, లేకపోతే నాచు పడుతుంది. మూతకు రంధ్రము చేసి, అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ కప్పు దానిలో దింపి, కప్పులో కొబ్బరి పీచుతో నారును నిలబెట్టండి. పోషకము కలిపిన నీరు కప్పు అడుగును తాకేటట్లు పోయండి. మొక్క నీరు త్రాగేకొద్దీ మట్టము దిగుతుంది. పైన ఏర్పడిన ఖాళీలోని వేళ్లు గాలి పీల్చుకుంటాయి, క్రింది వేళ్లు నీరు తీసుకుంటాయి. నీరు తగ్గిందని మళ్లీ అంచు దాకా నింపితే గాలి వేళ్లు మునిగి మొక్క చనిపోతుంది. ఎండ పడే కిటికీ దగ్గరో, వరండాలోనో పెట్టుకోవాలి. మూత చుట్టూ సందు ఉండకూడదు. నిలవ నీరు గదా, దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ భయమున్న మన ఊళ్లలో ఇది మరువరాదు.

మరి ఈ యంత్రము ఎవరికి? మెట్లు దిగలేనివారికి, మేడ మీది గదిలో బందీ అయినవారికి, మంచులో ఆరు నెలలు తలుపు తీయలేని దేశాలలో బిడ్డల పిల్లలను చూసుకుంటున్న మన అమ్మలకు, నాన్నలకు. వారికి కావలసినది కొత్తిమీర ఒక్కటే కాదు, ఉదయము లేచి చూసుకోవలసిన ప్రాణము ఒకటి. తామొక పూట మరచిపోతే వాడిపోయేది ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి. చేతిలోని పనులన్నీ ప్రేమతోనే మనము లాగేసుకుంటాము, "నువ్వు కూర్చోమ్మా, మేము చేస్తాము గదా" అంటాము. మా అమ్మగారి విషయములో మేమూ అదే చేశాము. ఆమెకు నొప్పి కంటే అదే ఎక్కువ బాధ అని, మా చేతిలో ఆరు మొక్కలు చనిపోయిన తరువాతే తెలుసుకున్నాము.

తమ్ముడు వచ్చినప్పుడు

తమ్ముని మీద మా మనసులో ఉన్న కష్టము కూడా ఒక సాయంకాలము బయటపడింది. ఫోనులో అడిగేశాము. అతడు కొంతసేపు మాట్లాడలేదు. "అన్నయ్యా, నాకు సెలవు దొరకలేదు. అమ్మ రోజూ పొద్దున్నే ఏదో ఒకటి చూసుకుంటూ ఉండాలనుకున్నాను. అంతకంటే నాకేమీ తోచలేదు" అన్నాడు. మేమే తొందరపడ్డామని ఒప్పుకున్నాము. అయితే యంత్రము పంపినంత మాత్రాన తీరిపోయే సంగతి కాదని అతనికీ చెప్పాము. నాటి నుండి ప్రతి ఆదివారము సాయంత్రము వీడియోలో ఫోను చేస్తాడు. "అమ్మా, నీళ్లు మార్చావా, ఎంత ఎత్తు వచ్చింది" అని అడుగుతాడు. ఆమె ఫోను మొక్క దగ్గర పెట్టి చూపుతారు. ఆ తరువాత మిగిలిన మాటలు వాటంతట అవే వస్తాయి.

2025 జనవరిలో అతడు మూడు వారాల సెలవు మీద వచ్చాడు. అమ్మగారు స్టూలు మీద కూర్చుని కొత్తిమీర పచ్చడి నూరించారు. దానిలో యంత్రములోనిది గుప్పెడు, సంతలోనిది మూడు కట్టలు. "ఇదంతా నా మడిలోదేరా చిన్నోడా" అన్నారు. మా ఇంటావిడ మా వైపు చూసింది. మేమేమీ కాదనలేదు.

ఆ మూడు మెట్లు ఆమె ఈనాటికీ దిగలేరు. దిగగలరని మేము అనుకోవడము లేదు. కాని అన్నము తింటున్నారు, మమ్మల్ని కోప్పడుతున్నారు. పాత నీటిని మేము పెరట్లో పోసే వేళకు మెట్ల దగ్గర కుర్చీ మళ్లీ వేయించుకుంటున్నారు, ఏ మొక్కకు ఎంత పోయాలో అక్కడ నుండే చెబుతున్నారు.

పాఠకులారా, మీ ఇంట్లో పెద్దవారి చేతిలో నుండి ఈ సంవత్సరము మీరు తీసివేసిన పని ఏది? వారు చేయగలిగినంతలో దానిలో కొంచెమైనా తిరిగి ఇవ్వగలరేమో ఆలోచించండి. దానికి యంత్రమే కానక్కరలేదు. ఒక గాజు గ్లాసులో నాలుగు పుదీనా కాడలు చాలు. దూరాన ఉన్న బిడ్డలు యంత్రము పంపితే పంపండి. నీళ్లు మార్చారా అని ప్రతి వారము అడగడము మాత్రము మానవద్దు.

వచ్చే నెల మరల కలుసుకుందాము.